వెంటిలేటర్ ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఛాతీ గొట్టం వేసే చెయ్యి ఉండాలి

వైరల్ న్యుమోనియా ముదిరితే ఊపిరితిత్తుల్లోని గాలిగదుల గోడలు వాచి పెళుసుబారతాయి. రోగి ఆయాసంతో బలంగా ఊపిరి లాగినా, తెరిపి లేకుండా దగ్గినా, వెంటిలేటర్ ఒత్తిడితో గాలిని నెట్టినా ఎక్కడో ఒకచోట గోడ చిట్లుతుంది. బయటపడిన గాలి రెండు దారులు పడుతుంది. ఊపిరితిత్తి పైపొర కూడా తెగితే ఆ పొరకూ ఛాతీ గోడకూ మధ్య చేరి ఊపిరితిత్తిని ముడుచుకుపోయేలా చేస్తుంది. దీన్నే న్యూమోథొరాక్స్ అంటారు. పైపొర తెగకపోతే గాలి రక్తనాళాల వెంట లోపలికి పాకి గుండె చుట్టూ చేరుతుంది, అక్కడి నుంచి మెడలోకి, చర్మం కిందికి ఎక్కుతుంది. కెనడాలో పనిచేసిన మాక్లిన్ దంపతులు 1944లోనే ఈ రెండో దారిని వివరంగా రాశారు. అలాంటి రోగి మెడ మీద వేలు పెట్టి నొక్కితే మరమరాలు నలిగినట్టు చర్మం కింద కరకరలాడుతుంది. ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి పెరిగిన ఆయాసం, పడిపోయే ఆక్సిజన్ అంకె మిగతా గుర్తులు.

ఇది ఒక్క కొవిడ్‌తో వచ్చిన వింత కాదు. తట్టు వచ్చిన పిల్లల్లో న్యుమోనియా ముదిరి మెడ ఉబ్బడం పాత తరం పిల్లల డాక్టర్లు చూసిందే. 2003లో హాంకాంగ్‌లో సార్స్ సోకిన 75 మందిని పరిశీలిస్తే 12 శాతం మందికి గుండె చుట్టూ గాలి చేరింది, అదీ దానంతట అదే. 2020లో న్యూయార్క్‌లో వెంటిలేటర్ మీద ఉన్న 601 మంది కొవిడ్ రోగుల్లో సుమారు 15 శాతం మందికి ఏదో ఒక రూపంలో గాలి కారింది. తర్వాత రాబోయే వైరస్ ఏదైనా ఈ చిక్కును వెంటబెట్టుకునే వస్తుందని అనుకోవడమే వివేకం.

2020లో పీఎం కేర్స్ నిధితో 50 వేల వెంటిలేటర్లు కొనాలని కేంద్రం నిర్ణయించింది. యంత్రాల లెక్క వార్తల్లోకి ఎక్కింది. గాలి కారితే ఎవరు చూస్తారన్న ప్రశ్న ఎక్కలేదు. కారుతున్న ఊపిరితిత్తిలోకి వెంటిలేటర్ నెట్టే ప్రతి ఊపిరీ ఛాతీలో ఒత్తిడి పెంచుతుంది. అది గుండెకు వచ్చే రక్తాన్ని అడ్డుకుంటే బీపీ పడిపోయి నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. దీనికి చికిత్స ఖరీదైంది కాదు. ముందు లావు క్యానులాతో గాలి వదలాలి, తర్వాత ఛాతీ గొట్టం, అంటే ఐసీడీ ట్యూబ్ వేసి నీటి సీసాకు కలపాలి. హాంబర్గ్ డాక్టర్ గోటార్డ్ బూలావ్ 19వ శతాబ్దిలో వాడిన పద్ధతికి ఇది పెద్ద దూరంలో లేదు. కావాల్సింది పగలూ రాత్రీ అందుబాటులో ఉండే, ఆ పని చేతికి అలవాటైన మనిషి.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలూ ఒక నియమం పెట్టాలి. ఐసీడీ సెట్టు, సీసా, ప్రతి షిఫ్టులో ట్యూబ్ వేయగల డాక్టరు ఉన్నాకే జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో వెంటిలేటర్ పడకను పనిలో ఉన్నట్టు లెక్కించాలి. సర్జన్ లేరు కాబట్టి రెఫర్ చేస్తాం అనే జవాబు ఇక్కడ చెల్లదు. ఒత్తిడి పెరుగుతున్న ఛాతీతో 108 ఎక్కిన రోగి వరంగల్‌కో కర్నూలుకో చేరేదాకా ఆగడు. ఎంబీబీఎస్ డ్యూటీ డాక్టరుకు ఈ పని నేర్పవచ్చు. నేర్చినవారికి కూడా మళ్లీ తర్ఫీదు కావాలి. పెద్దవారిలో గాలి వదలడానికి సూది దించే చోటును 2018లో అంతర్జాతీయ ట్రామా శిక్షణ పాఠం కాలర్ ఎముక కింద పక్కటెముకల మధ్య రెండో సందు నుంచి చంక వైపు నాలుగు, ఐదో సందులకు మార్చింది. పాత పుస్తకం చదివిన చెయ్యి ఇంకా పాత చోటే వెతుకుతుంది. ట్యూబ్‌తో రోగిని తరలించేటప్పుడు సీసా ఛాతీ కంటే కింద ఉండాలని, బుడగలు వస్తున్న ట్యూబ్‌కు క్లాంప్ వేయకూడదని అంబులెన్స్ సిబ్బందికీ తెలియాలి.

ఎక్స్‌రే కోసం రోగిని కదిలించలేని వేళ మంచం దగ్గరి అల్ట్రాసౌండ్ కొద్ది నిమిషాల్లో విషయం తేల్చగలదు. అయితే లింగ నిర్ధారణను అరికట్టే 1994 చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ నమోదు చేయాలి. ఆ చట్టం ఉద్దేశం సరైందే, సడలించమని ఎవరూ అడగనక్కరలేదు. ఐసీయూలో ఛాతీ పరీక్షకు యంత్రాన్ని నమోదు చేయించి, వాడేవారికి అనుమతి ఇప్పించే బాధ్యతను జిల్లా అధికారులు తీసుకుంటే చాలు.

గాలి కారకుండా చూసుకోవడం ఇంకా చవక. 2000లో వెలువడిన అమెరికా అధ్యయనంలో వెంటిలేటర్ మీదున్న రోగులకు ఒక్కో ఊపిరికి కిలోకు 12 మిల్లీలీటర్ల బదులు 6 ఇస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. ఆ కిలోలు తూకం యంత్రం చూపేవి కావు, ఎత్తును బట్టి లెక్కగట్టేవి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు ఉన్న మహిళకు ఇవ్వాల్సింది దాదాపు 315 మిల్లీలీటర్లు. తూకం నమ్మితే 480 వెళ్తుంది. ప్రతి వెంటిలేటర్ పక్కన కొలత టేపు, గోడ మీద ఎత్తు పట్టిక వేలాడదీయాలి.

అందరికీ ట్యూబ్ అక్కర్లేదన్నదీ శిక్షణలో భాగమే. గుండె చుట్టూ చేరిన గాలి చాలామందిలో ఆక్సిజన్, విశ్రాంతి, దగ్గు తగ్గించే మందుతోనే పోతుంది. మెడ ఉబ్బిందని కంగారుపడి అవసరం లేని చోట ట్యూబ్ వేయడం కూడా హానే.

ఇంటికి వెళ్లిన కొన్ని వారాలకు కూడా ఊపిరితిత్తి ముడుచుకుపోవచ్చు. అందుకే డిశ్చార్జి చీటీ మీద ఛాతీలో ఒక పక్క పొడిచినట్టు నొప్పి, హఠాత్తుగా ఆయాసం వస్తే వెంటనే రావాలని రాసి ఇవ్వాలి. కరీంనగర్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారి కోసం ఇంకో మాట చేర్చాలి. విమానంలో గాలి ఒత్తిడి తగ్గడంతో ఛాతీలో చిక్కిన గాలి సుమారు 30 శాతం వ్యాకోచిస్తుంది. ఎక్స్‌రేలో పూర్తిగా తగ్గినట్టు తేలాక కూడా కనీసం 7 రోజులు విమానం ఎక్కవద్దని బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ సలహా. చీటీ తెలుగులో ఉండాలి, హైదరాబాద్, నిజామాబాద్ లాంటి చోట్ల ఉర్దూలోనూ ఇవ్వాలి.