ఒకే ఓడవాళ్లం

ప్లెయిన్స్‌బరోలో మా పక్కింటావిడ పూర్వీకులది స్కాట్లాండు. ఓ సాయంత్రం టీ తాగుతూ, "మా తాత గ్లాస్గోలో ఓడలు కట్టేవాడు" అంది.

మా ముత్తాత ఫిజీకి వచ్చింది సట్లెజ్ ఓడలో. అదీ గ్లాస్గోలో కట్టిందే. గిర్మిట్ కూలీలను ఫిజీకి తెచ్చిన ఆఖరి ఓడ కూడా అదే. 1916 నవంబరు 11న చేరింది. గిర్మిట్ అంటే ఐదేళ్ల కూలి ఒప్పందం.

ఈ మాట చెప్పాక ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "ఆ ఓడలు మావాళ్లకు అన్నం పెట్టాయి. మీవాళ్లను ఇంటికి దూరం చేశాయి" అంది. కాదనలేకపోయాను.

కానీ ఆ ఓడల్లోనే మనవాళ్లకు కొత్త చుట్టాలు దొరికారు. ఊరు, కులం, భాష వేరైనా, కలిసి వచ్చినవాళ్లు ఒకరినొకరు 'జహాజీ భాయ్' అని పిలుచుకున్నారు. అంటే ఓడ అన్నదమ్ములు. ఆ వరస బతికినంత కాలం నిలిచింది.

"మరి నన్నేమని పిలుస్తావు?" అని అడిగింది.

"అక్కా అంటాను."

వచ్చే వేసవిలో ఇద్దరం గ్లాస్గో వెళ్తున్నాం, క్లైడ్ నది చూడటానికి. ఆ తర్వాత ఫిజీ, నుకులావు దీవికి. కూలీలను ముందుగా దింపింది అక్కడే.

ఈ నెల మాటలు: ఓడ, వరస, చుట్టం. మీ ఇంట్లో పెద్దవాళ్లను తెలుగులోనే అడగండి: "మనవాళ్లు ఏ ఓడలో వచ్చారు?"