పేరు చూసి కొనకండి

యాభై దాటాక మళ్లీ బండెక్కాలని, అదీ ఇక్కడి యార్క్‌షైర్ బురదలో, రాళ్ల మీద నడిపే పాత ట్రయల్స్ బండి కొనాలని ఉబలాటపడేవారికి నాదొక్కటే మాట: పేరు చూసి కొనకండి. బుల్టాకో షెర్పా అందమైన బండే. 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ను శామీ మిల్లర్ గెలిచింది దాని మీదే. కానీ పాత షెర్పాల ఫైబర్‌గ్లాస్ ట్యాంకుకు ఇథనాల్ పడదు. 2021 నుంచి ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోలులో అది 10 శాతం దాకా ఉంటోంది. ట్యాంకు లోపలి రెసిన్ మెత్తబడి, జిగురై కార్బ్యురేటర్లోకి దిగుతుంది. ఆదివారం పొద్దున్నే గుట్టెక్కాల్సిన మనిషి షెడ్డులో జెట్లు తోముతూ కూర్చుంటాడు.

నేనైతే హోండా టీఎల్ఆర్ 200 వైపే మొగ్గుతాను. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, నెమ్మదిగా లాగుతుంది, చెయ్యి తడబడినా ఎగిరి దూకదు. గుంటూరు రోడ్ల మీద ఆర్‌ఎక్స్ 100 తోలిన నాలాంటివాడికి కాస్త చప్పగానే ఉంటుంది. ఉండనివ్వండి! ఈ ఆటలో వేగానికి విలువ లేదు. కాలు నేలకు ఆనితే పెనాల్టీ.

చూడ్డానికి వెళ్తే ట్యాంకు మెరుపు సంగతి వదిలేయండి. వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపండి, స్వింగ్‌ఆర్మ్ బుష్షులు అరిగాయో లేదో అక్కడే తెలుస్తుంది. ఫోర్కు గొట్టాల మీద తుప్పు చుక్కలుంటే సీళ్లు నిలవవు. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే అనుమానించండి. చల్లారాక మీరే కిక్కు కొట్టండి. అడుగు రేకుకు సొట్టలు సహజం, పగుళ్లు కాదు. కాగితాల్లో నంబరు, ఫ్రేము నంబరు కలిశాకే బేరం.