ఊరి పేరున నిధులు.. తాళం పైవారి చేతుల్లో

- ఎన్నికల జాప్యానికి మూల్యం చెల్లించిన పల్లెలు
- సొంత రాబడి లేని తండా పంచాయతీలకే అధిక నష్టం
- గ్రాంటు షరతులపై పునరాలోచన అవసరం

నల్గొండ జిల్లాలో ఎనిమిది వందలకు పైగా గ్రామ పంచాయతీలు ఉన్నాయి. వీధి దీపం మార్చాలన్నా, పగిలిన పైపులైను అతికించాలన్నా, మురుగు కాలువలో పూడిక తీయించాలన్నా వీటిలో అధిక భాగం కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు వైపే చూడవలసి వస్తోంది. ఆ గ్రాంటు ఊరి పేరున మంజూరవుతుంది, ఊరి జనాభాను బట్టి లెక్క కడతారు. అయితే అది ఎప్పుడు రావాలో, దేనికి ఖర్చు కావాలో, ఎందుకు ఆగిపోవాలో నిర్ణయించడంలో ఊరికి ప్రమేయం ఉండదు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ వరకు తెలంగాణ పల్లెలు ఎదుర్కొన్న పరిస్థితి ఈ వాస్తవాన్ని తేటతెల్లం చేసింది.

గ్రాంటు ఎక్కడి నుంచి వస్తుంది?

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను 11వ షెడ్యూలులో చేర్చడంతో పాటు, వాటి ఆర్థిక వనరులను పెంచే మార్గాలను సూచించే బాధ్యతను 280వ అధికరణం ద్వారా కేంద్ర ఆర్థిక సంఘానికి అప్పగించారు. ఆ మేరకు 14వ ఆర్థిక సంఘం 2015-20 కాలానికి గ్రామ పంచాయతీలకు రూ.2,00,292 కోట్లు సిఫారసు చేసింది. దేశం మొత్తం మీద సగటున తలకు ఏడాదికి రూ.488 చొప్పున లెక్క తేలింది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు ప్రతిపాదించి, మండల, జిల్లా పరిషత్తులకు కూడా వాటా కల్పించింది.

మొత్తం పెరిగినప్పటికీ షరతులు కూడా పెరిగాయి. 2021-26 కాలంలో గ్రాంటులో 60 శాతం నిర్దేశిత పనులకే ఖర్చు కావలసి ఉండేది. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి కేటాయించారు. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వినియోగించుకునే వీలున్నా జీతభత్యాలకు మాత్రం వాడరాదన్న నిబంధన ఉండేది. ఉదాహరణకు ఒక పంచాయతీకి ఏడాదికి రూ.10 లక్షలు వస్తాయనుకుంటే రూ.3 లక్షలు నీటికి, రూ.3 లక్షలు పారిశుద్ధ్యానికి పోగా, గ్రామసభ తన ఇష్టం మేరకు నిర్ణయించగలిగేది రూ.4 లక్షల మీదనే. ఊరి అవసరం రోడ్డయినా, శ్మశానవాటిక ప్రహరీ అయినా ఆ పరిధిలోనే సర్దుకోవలసి వచ్చేది.

పాలకవర్గం లేదు.. పైసా రాలేదు

వీటన్నిటికీ మించిన షరతు మరొకటి ఉంది. ఎన్నికైన పాలకవర్గం ఉన్న పంచాయతీలకే గ్రాంటు విడుదలవుతుంది. రాజ్యాంగంలోని 243ఇ అధికరణం ప్రకారం పంచాయతీ పదవీకాలం అయిదేళ్లు, అది ముగిసేలోగా ఎన్నికలు జరపాలి. తెలంగాణలో 2019 జనవరిలో మూడు విడతల్లో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1తో ముగిసింది. ఆ మరునాటి నుంచి ప్రత్యేకాధికారుల పాలన ఆరంభమైంది. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లపై కసరత్తు, న్యాయస్థానాల్లో వివాదాల నడుమ ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. సెప్టెంబర్ 30లోగా ప్రక్రియ ముగించాలని 2025 జూన్‌లో హైకోర్టు ఆదేశించినా అది నెరవేరలేదు. 42 శాతం రిజర్వేషన్ల ఉత్తర్వుపై అక్టోబర్‌లో హైకోర్టు స్టే విధించింది. చివరకు మొత్తం రిజర్వేషన్లు 50 శాతానికి మించకుండా డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో పోలింగ్ నిర్వహించారు.

అంటే 15వ ఆర్థిక సంఘం నిర్దేశించిన 60 నెలల్లో 22 నెలలకు పైగా ఈ పల్లెలకు పాలకవర్గమే లేదు. ఆ కాలంలో కేంద్రం నుంచి నిధుల విడుదల నిలిచిపోయింది. ఎన్నికల తేదీ నిర్ణయించే అధికారం సర్పంచుకు గానీ, వార్డు సభ్యుడికి గానీ, గ్రామసభకు గానీ లేదు. అది రాష్ట్ర ప్రభుత్వానికి, రాష్ట్ర ఎన్నికల సంఘానికి సంబంధించిన వ్యవహారం. తప్పు ఎక్కడ జరిగినా శిక్ష మాత్రం ఊరికే పడింది.

షరతు వల్ల ప్రయోజనమే లేదనడం సరికాదు. ఎన్నికలు జరపకుంటే దాదాపు రూ.3 వేల కోట్లు చేజారుతాయన్న ఆందోళన తమ నిర్ణయానికి ఒక కారణమని 2025 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వమే వెల్లడించింది. నిధుల ఒత్తిడి లేకుంటే ఎన్నికలు మరింత ఆలస్యమయ్యేవేమో. కానీ ఆ ఒత్తిడి పనిచేయడానికి పట్టిన రెండేళ్లలో ఆగిన మరమ్మతుల భారం మోసింది ప్రభుత్వం కాదు, గ్రామస్థులు.

పొరుగు రాష్ట్రంలోనూ అదే కథ

ఈ అనుభవం తెలంగాణకే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టులో ముగియగా, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. 2020 మార్చిలో మొదలైన స్థానిక ఎన్నికల ప్రక్రియ కరోనా కారణంగా వాయిదా పడింది. కేంద్ర గ్రాంట్లకు అప్పట్లోనూ పాలకవర్గాల లేమి అడ్డంకిగా నిలిచింది. తీరా సర్పంచులు కొలువుదీరాక మరో చిక్కు వచ్చింది. పంచాయతీల విద్యుత్ బకాయిల కింద ఆర్థిక సంఘం నిధులను సర్దుబాటు చేయడంతో, ఖాతాలు ఖాళీ అయ్యాయంటూ 2021 చివర పార్టీలకు అతీతంగా సర్పంచులు వీధికెక్కారు. బకాయి ఉన్నమాట నిజమే కావచ్చు. అయితే పంచాయతీ తీర్మానం లేకుండా పంచాయతీ సొమ్ము కదలడమే వారి అభ్యంతరం. ఎన్నికలు లేనప్పుడు నిధులు రాకపోవడం, ఎన్నికలు జరిగాక వచ్చిన నిధులు నిలవకపోవడం రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు.

తండాలకు రెట్టింపు కష్టం

గ్రాంటు ఆగినప్పుడు అన్ని ఊళ్లూ ఒకే తీరుగా నష్టపోవు. జిల్లాలో జాతీయ రహదారి వెంబడి పరిశ్రమలున్న పంచాయతీలకు ఆస్తి పన్ను, లైసెన్సు రుసుముల రూపంలో ఎంతో కొంత రాబడి ఉంటుంది. దేవరకొండ, చందంపేట, డిండి ప్రాంతాల్లోని తండాల పరిస్థితి వేరు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో పాటు వేలాది తండాలు, శివారు గ్రామాలు కొత్త పంచాయతీలుగా ఏర్పడ్డాయి. దశాబ్దాల డిమాండు నెరవేరి తండా బిడ్డే సర్పంచు కావడం చిన్న విషయం కాదు. అయితే అధికారం వచ్చినంత వేగంగా ఆదాయం రాలేదు. వందా రెండు వందల ఇళ్లున్న చోట ఇంటి పన్ను మొత్తం వసూలైనా కరెంటు బిల్లుకు చాలని దుస్థితి.

పంపిణీ సూత్రం కూడా వీటికి అనుకూలంగా లేదు. గ్రాంటు లెక్కలో సాధారణంగా జనాభాకే పెద్దపీట. జనాభా తక్కువైనంత మాత్రాన ఖర్చు ఆ దామాషాలో తగ్గదు. విసిరేసినట్లుండే ఇళ్లకు పైపులైను ఎక్కువ పొడవు వేయాలి, దీపాల స్తంభాలు ఎక్కువ నాటాలి. ట్రాక్టరు చిన్న ఊరికీ ఒకటే, పెద్ద ఊరికీ ఒకటే. 2019 సెప్టెంబర్‌లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో భాగంగా ప్రతి పంచాయతీకీ ట్రాక్టరు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం సమకూరాయి. అవి మంచి ఆస్తులే. కానీ ట్రాక్టరుకు డీజిలు, వాయిదాలు, నర్సరీకి నీరు, కార్మికులకు వేతనం నెలనెలా కావాలి. రాష్ట్ర నిధులు సక్రమంగా వచ్చినంత కాలం సాగిన ఏర్పాటు, అవి మందగించిన నాడు పంచాయతీ మెడకు చుట్టుకుంది.

ప్రత్యేకాధికారుల కాలంలో ఈ భారం పంచాయతీ కార్యదర్శులపై పడింది. ఒక్కో అధికారికి పలు గ్రామాల బాధ్యత, దానిపై సొంత శాఖ విధులు. డీజిలుకు, బ్లీచింగ్ పౌడరుకు, మోటారు మరమ్మతుకు చేతి డబ్బు పెడుతున్నామని కార్యదర్శులు పలుమార్లు మొరపెట్టుకున్నారు. మరోవైపు పదవిలో ఉన్నప్పుడు అప్పులు తెచ్చి పనులు చేయించిన మాజీ సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం 2024లో హైదరాబాద్ బాట పట్టి అరెస్టయ్యారు.

నీళ్లున్నా నిర్వహణ ఏదీ?

ఫ్లోరైడ్ పీడతో దశాబ్దాలు అల్లాడిన మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాలకు తాగునీటి గ్రాంటు విలువ ఇతరులకంటే బాగా తెలుసు. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు ఊరి ట్యాంకు వరకు చేరాయి. ట్యాంకు నుంచి ఇంటి కుళాయి దాకా ఉన్న వ్యవస్థను కాపాడుకోవలసింది పంచాయతీయే. ఒక వాల్వు చెడిపోయి వారం పాటు నీరు రాకుంటే జనం మళ్లీ బోరుబావిని ఆశ్రయిస్తారు. 15వ ఆర్థిక సంఘం కాలంలో తాగునీటికి నిర్దేశించిన 30 శాతాన్ని ఇటువంటి నిర్వహణకు వాడుకునే వీలుండేది. అందుకే ఆ సొమ్ము ఆగడమంటే ఇక్కడ కేవలం పని ఆగడం కాదు, ఆరోగ్యానికి ముప్పు తిరిగి రావడం.

చేయవలసింది ఏమిటి?

16వ ఆర్థిక సంఘం కాలం 2026-31. ఈ అయిదేళ్లలోనైనా గత చేదు అనుభవం పునరావృతం కాకూడదు. ఎన్నికల జాప్యానికి రాష్ట్రాన్ని బాధ్యురాలిని చేయడం న్యాయం. అందుకు పంచాయతీ వాటాను ఆపడం ఒక్కటే మార్గం కాదు. ఆగిన సొమ్మును ఆయా పంచాయతీల పేరున భద్రపరచి, పాలకవర్గం ఏర్పడిన వెంటనే గడువుతో నిమిత్తం లేకుండా అందజేయవచ్చు. తాగునీరు, పారిశుద్ధ్యం వంటి ప్రాణావసర వాటానైనా ఈ షరతు నుంచి మినహాయించవచ్చు. కేంద్రం నుంచి అందిన పది పని దినాల్లో నిధులు పంచాయతీలకు చేర్చాలని, ఆలస్యమైతే వడ్డీ చెల్లించాలని 15వ ఆర్థిక సంఘం నిబంధన విధించింది. అదే క్రమశిక్షణ రాష్ట్రం తన వాటాగా ఇచ్చే నిధులకూ వర్తించాలి. చిన్న పంచాయతీలకు జనాభాతో సంబంధం లేని కనీస మొత్తం నిర్ణయించే దిశగా రాష్ట్ర ఆర్థిక సంఘం ఆలోచించాలి.

పంచాయతీల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. దుర్వినియోగం ఆరోపణలు వచ్చిన ప్రతిసారీ షరతులు బిగుసుకుంటున్నాయి. రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలని 2018 చట్టం చెబుతోంది. చాలా చోట్ల అది సంతకాల తంతుగా మారింది. ఏ పంచాయతీకి ఎంత వచ్చింది, ఏ పనికి ఎంత చెల్లించారు అన్న వివరాలు 2020లో ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆ లెక్కను కాగితంపై రాసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించడానికి జీవో అక్కర్లేదు, సర్పంచుకు మనసుంటే చాలు. సర్పంచు, ఉప సర్పంచుల ఉమ్మడి చెక్ పవర్ ఒక కట్టడి. గ్రామస్థుల నిలదీత అంతకంటే పెద్ద కట్టడి.

సొంత రాబడి పెంచుకోనంత కాలం ఊరు పైవారి దయపైనే ఆధారపడుతుందన్నది నిజం. ఇంటి పన్ను సకాలంలో కట్టే గ్రామస్థుడికి లెక్క అడిగే నైతిక హక్కు బలపడుతుంది. అయితే గ్రాంటు దయాధర్మం కాదు, రాజ్యాంగం గుర్తించిన వాటా. 2025 డిసెంబర్‌లో కొలువుదీరిన పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2030 డిసెంబర్‌లో ముగుస్తుంది. 16వ ఆర్థిక సంఘం కాలం అప్పటికి ఇంకా మిగిలే ఉంటుంది. ఆనాడు ఎన్నికలు సకాలంలో జరుగుతాయా, లేక పల్లెలు మళ్లీ నిధులకు ముఖం వాచిపోతాయా అన్నది ఇప్పటి నుంచే అడగవలసిన ప్రశ్న.