మల్లెకు విత్తనము లేదు

శ్రీశైలక్షేత్రమున వెలసిన స్వామికి మల్లికార్జునుడను నామము కలుగుటకు, చంద్రవతి యను రాజకుమార్తె అనుదినమును మల్లెపూలతో లింగమును అర్చించుచుండుటయే కారణమని స్థలపురాణము చెప్పుచున్నది. ఆ కథ యెరుగని యాత్రికుడుండడు గాని, ఆ పూవునకు సంబంధించిన మరియొక సంగతిని మనలో పెక్కుమంది గమనించియుండరు. మన పెరళ్ళలో పూచు బొడ్డుమల్లె, గుండుమల్లె సాధారణముగా కాయ కాయవు. కాయ లేనిచోట విత్తనము లేదు. విత్తనము లేనిచోట గాలియు, పిట్టయు, వాననీరును ఎంత యత్నించినను ఆ మొక్కను ఒక యింటినుండి మరియొక యింటికి చేర్చజాలవు. కావున నేడు ఏ ముంగిట మల్లెపొద కనబడునో, ఆ ముంగిటికి దానిని ఒక చేయి యిచ్చినదన్నమాట. ఆ చేతికి మరియొక చేయి యిచ్చినది. ఆ వరుసను పట్టుకొని వెనుకకు నడిచినచో అంతమున మిగులునది ఏదో యొక పొద, తక్కినవన్నియు దాని కొమ్మలు. ఊరూర పూచుచున్న మల్లె, అడిగినవారును ఇచ్చినవారును ఉండుటచేత మాత్రమే బ్రతికియున్నది.

పెరటితోట వేయగోరువారు మొదట పోవలసినది నర్సరీకి గాదు, పొరుగింటికి అని నేను చెప్పదలచితిని. ఇది డబ్బు మిగుల్చుకొనుటకు చెప్పెడి ఉపాయమని తలంపవలదు. డబ్బు మిగులును, అది వేరు మాట.

ఉద్యోగవిరమణానంతరము శ్రీశైలమునకు దిగువనున్న సున్నిపెంటలో చిన్న యిల్లు చూచుకొని, వెనుకనున్న నాలుగు సెంట్ల ఖాళీస్థలమును పూలతోను కూరపాదులతోను నింపవలెనను ఉత్సాహముతో, దూరపు పట్టణమునందలి యొక నర్సరీనుండి పదునెనిమిది మొక్కలను ఆటోలో వేయించుకొని వచ్చితిని. రోహిణీకార్తె వెళ్ళునప్పటికి మూడు మిగిలినవి. దోషము నర్సరీవానిది గాదని తరువాత తెలిసికొంటిని. ఆకుపచ్చని వలపందిరి నీడలో, కొబ్బరిపొట్టులో, పూటపూటకు నీరు త్రాగి పెరిగిన మొక్కను తెచ్చి నల్లమల రాతినేలలో, వైశాఖపు టెండలో నాటి, నీవు బ్రతుకవేమని అడుగుట నా తెలివితక్కువ. కర్నూలు సీమలో ఏడాదికి సగటున కురియు వాన 670 మిల్లీమీటర్లు. అనంతపురమున అది 550 మాత్రమే. అదియును వచ్చినప్పుడు వచ్చును, రానప్పుడు రాదు. ఇట్టి నేలలో నిలిచిన మొక్క ఏదియో తెలియుటకు పుస్తకమక్కరలేదు, ప్రక్క వాకిలి చూచిన చాలును. మండువేసవిని ఎవరి యింట ఏ పొద పచ్చగా నున్నదో, దాని కొమ్మయే మన యింటికి యోగ్యమైనది. ఆ పరీక్షను మనకొరకు ఎండయే చేసిపెట్టియున్నది.

వీధివారందరును అవ్వ యని పిలుచు ఎనుబదేండ్లు దాటిన ముసలమ్మ యొకతె మా యింటికి నాలుగిండ్ల అవతల నున్నది. ఆమె కృష్ణ యొడ్డు గ్రామమునుండి వచ్చినది. ఆ గ్రామమిప్పుడు నీళ్ళక్రింద నున్నది. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలిచినప్పుడు, కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో నూరు దాకా గ్రామములు మునిగినవి. 1981లో వాటిని ఖాళీ చేయించిరి. దేవుళ్ళకు కొంత మర్యాద జరిగినది: కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయిగా విప్పి ఆలంపురమున తిరిగి కట్టిరి. భూమికి, ఇంటికి, బావికి, చెట్టునకు వెలకట్టు పద్ధతులు ప్రభుత్వమునకు కలవు. దూలమునకు వ్రేలాడు సొరబుర్రలోని యలసంద విత్తనములకును, బావిగట్టున పాకిన మల్లెతీగకును వెలకట్టు పద్ధతి మాత్రము నాకు తెలిసి లేదు. ఆ సామాను ఆడవారి చేతులలో వచ్చినది. అవ్వ మల్లెకొమ్మలను తడిగోనెలో చుట్టి, బిందెలో నిలబెట్టి, ఎద్దులబండిలో ఒడిలో నుంచుకొని తెచ్చుకొన్నదట.

ఆ మల్లెకు నేనంటు అడిగితిని. ఆమె కోసి యీయలేదు. నేలకు దగ్గరగా నున్న కొమ్మను వంచి, కణుపుకడ బెరడు కొంచెము గీకి, గుంతలో పెట్టి, మన్ను కప్పి, పైన రాయి యెత్తినది. దీనినే మావైపు అంటు తొక్కుట యందురు. వానకాలమున రెండు నెలలలో వేరు పట్టును. నేను మాత్రము వారమునకొకసారి పోయి రాయి తొలగించి చూచుచుంటిని. మూడవసారి పట్టుబడితిని.

"రాయి కదిలించి సూడాకు నాయనా," అన్నది అవ్వ. "ఏరు పట్టిందా లేదా అని దినామూ తవ్వి సూస్తాంటే అది యాడ పడతాది?"

అడిగి తెచ్చుకొన్న మొక్కతోకూడ ఇట్టి మాటలు వచ్చును. ఏ దిక్కున ఎండ తగులవలెను, ఏ నెలలో ఆకు దూయవలెను, ఏ పురుగు పట్టును, ఏ పూటకు నీరు పోయరాదు అను సమస్తవిజ్ఞానమును మొక్కకంటె ముందు చేతికందును. నర్సరీ చీటీపై మొక్క పేరు, ధర తప్ప మరేమి యుండును?

కనకాంబరము సంగతి మరింత చిత్రమైనది. మన నాటు కనకాంబరమునకు విత్తనము గలదు. ఎండిన వెన్నుపై నాలుగు చుక్కలు నీరు పడినంతనే కాయలు చిటపట పగిలి గింజలు దూరముగా నెగిరిపడును. పిల్లలు ఆ కాయలను నోటిలో తడిపి చేతిలో పేల్చుకొనుట మీరెరుగుదురు. అంగళ్ళలో మిక్కుటముగా అమ్ముడుపోవు ఢిల్లీ కనకాంబరమను రకమునకో, ఈ ముచ్చట లేదు. క్రోమోజోములు రెండు వరుసలకు బదులు మూడు వరుసలుండుటచేత అది గింజ కట్టదు. ఎవరైన కొమ్మ విరిచి నాటినగాని దానికి సంతానము లేదు. మునగ సంగతియు నట్టిదే యనవచ్చును: గింజ వేసి యేడాదిలో కాయించు రకములు తమిళనాటి పెరియకుళమునుండి ఇటీవలి దశాబ్దములలో వచ్చినవి గాని, తాతలనాటి పెరటిమునగ నాటిన కొమ్మనుండియే పెరుగుచు వచ్చినది. కరివేపకు గింజ గలదు, కాని పండు కోసిన కొలది దినములలోనే మొలకెత్తుశక్తి పోవును. అందుచేత తల్లిచెట్టు వేళ్ళనుండి లేచిన పిలకను త్రవ్వి యిచ్చుటయే పాడి.

ఇక కూరగాయల విత్తనముల విషయమున ఇచ్చువారికిని, పుచ్చుకొనువారికిని కొంత జాగ్రత్త యవసరము. చిక్కుడు, అలసంద, టమాటా తమ పుప్పొడితో తామే ఫలించునవి యగుటచే ప్రక్క పెరటిలో నేమున్నను చాలవరకు తల్లిని పోలియే వచ్చును. గుమ్మడి, దోస అట్లు గాదు. వాటి పుప్పొడిని మోయునది తేనెటీగయు తుమ్మెదయును. భ్రమరరూపమున రాక్షసుని సంహరించిన తల్లి కొలువున్న కొండక్రింద తుమ్మెదను నిందింపరాదు గాని, అది యొక పాదునుండి మరియొక పాదునకు పోవునప్పుడు జాతి వివేచన చేయదు. మంచి గుమ్మడి విత్తనమని మీరిచ్చినది పొరుగువారి పెరటిలో మరియొక యాకారమున కాసినచో ఇరువురును నొచ్చుకొనవలదు. ఆడపూవును మొగ్గనాడే గుడ్డతో కట్టి, మరునాటి యుదయమున అదే రకపు మగపూవుతో ముట్టించి, తిరిగి కట్టివేసి, ఆ కాయను విత్తనమునకు విడుచుట మేలు. సంకరజాతి విత్తనముల కాయనుండి తీసిన గింజను మాత్రము ఎవ్వరికి నీయవలదు. అది తరువాతి తరమున తల్లిని పోలదు.

ఇచ్చిపుచ్చుకొనుటలో తెగులును ఇచ్చిపుచ్చుకొనుట కూడ కలదని నాతో వాదించినవారున్నారు. వారి మాట నిజము. మందారపు కొమ్మతో పిండినల్లి వచ్చును, వేరుతో మట్టిలోని పురుగు వచ్చును. తెచ్చిన మొక్కను పక్షము దినములు తక్కిన మొక్కలకు దూరముగా నుంచి చూచుట మంచిది. ఒకటి మాత్రము చేయవలదు. మన చుట్టునున్న ఈ నల్లమల పులుల అభయారణ్యము. దానిలోనుండి మొక్కను పెరికి తెచ్చుట చట్టమునకు విరుద్ధము. అంతకన్న, అడవి మనకిచ్చినది గాదు గనుక అది పుచ్చుకొనుట కాజాలదు. దొంగిలించి తెచ్చిన మొక్కయే బాగుగా పెరుగునను మన స్త్రీల సామెతను పొరుగింటి గోడవరకు మాత్రమే నేనంగీకరింతును.

నాటువిత్తనము, స్వజాతి, స్వదేశి యని పెద్దగొంతుతో పలుకు మిత్రులతో నాకొక చిన్న పేచీ గలదు. నల్లమలలో విరగకాయు సీతాఫలము, పేరు సీతమ్మదే గాని, జన్మము అమెరికాఖండము. మన బంతి మెక్సికోది. కారమునకు పర్యాయమైన మిరప పదునారవ శతాబ్దమున పోర్చుగీసుల ఓడలలో వచ్చినది. ఎక్కడనుండి వచ్చినదని కాక ఎన్ని చేతులు మారినదని యడుగుడు; మన నేలలో నెన్ని వేసవులు కాచినదని యడుగుడు. ఇంగ్లాండున సోమర్సెట్ సీమలో మార్జరీ ఫిష్ అను నామె కూలివారి చిన్న యిండ్లముందు పెరుగుచు, గొప్పవారి తోటలనుండి వెలివేయబడిన మొక్కలను సేకరించి తోట పెంచి, ఆ కథను 1956లో గ్రంథముగా ప్రకటించినది. ఆ మొక్కలలో పరదేశమునుండి వచ్చినవియు నున్నవి. నూరేండ్లు గుమ్మములముందు బ్రతికి ఇంటివైనవి.

మనకు అంతదూరము పోనక్కరలేదు. తెలంగాణమున జహీరాబాదు దగ్గరి పస్తాపురము కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళితస్త్రీలు బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో దాచిన కొర్ర, సామ, జొన్న, కంది మొదలగు విత్తనములను అడిగినవారికి అప్పిచ్చి, పంటనాడు ఎక్కువ కొలతతో తిరిగి పుచ్చుకొనుచున్నారు. ఏటేట సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లపై ఆ బుట్టల నలంకరించి ఊరూర పాతపంటల జాతర జరుపుచున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వారికి లభించినది. విత్తనమునకు వడ్డీ విత్తనమే! మనదేశపు చట్టము సైతము ఈ యాచారము పక్షముననే నిలిచినది: 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము, 39వ విభాగమున, రైతు తన విత్తనమును దాచుకొనుటకు, తిరిగి విత్తుటకు, మార్పిడి చేయుటకు, పంచుటకు, వ్యాపారపు ముద్ర వేయక అమ్ముటకు సైతము హక్కును నిలిపినది.

శ్రీశైలమున కులమున కొక సత్రము గలదు. ఎవరి సత్రములో వారు దిగి, ఎవరి పంక్తిలో వారు భుజించి పోవుట ఇక్కడ బహుకాలపు రివాజు. ఒకప్పుడు మంచినీటికి కులమడిగిన ఇండ్లవారే, మాలమాదిగల చేనిలోని మేలైన జొన్నకంకిని విత్తనమునకని ఏ శంకయు లేక ఇంటికి తెచ్చుకొని, గాదెలో పోసికొనిరి. విత్తనము దాటిన గడపను మనిషిని దాటనీయలేదు. మొక్కల పంపకము మనుషులను కలుపునని సులభముగా వ్రాయువారు ఈ సంగతిని ఒకసారి తలంపవలెను. నేనును తలచియే వ్రాయుచున్నాను.

అయినను ఒక మనవి చేయుదును. ఉగాదికి కన్నడదేశమునుండి వేలాది భక్తులు అడవిదారిని కాలినడకన మల్లన్న దర్శనమునకు వత్తురు. వారి మూటలలో ఒక గుప్పెడు విత్తనమునకు చోటుండకపోదు. శిఖరేశ్వరమున నందిముందు నువ్వులు సమర్పించు ఆచారముగల క్షేత్రమున, దేవస్థానము వారు ఒక సత్రపు వసారాను కులము పేరు లేకుండ రెండుదినములు విడిచిపెట్టి, తెచ్చినవారు పెట్టి, కావలసినవారు తీసికొను ఏర్పాటు చేసినచో ఖర్చు దాదాపు లేదు. ఉగాదికి విత్తనములు మాత్రమే. ఆ యెండలో కొమ్మ బ్రతుకదు. కొమ్మలకు, అంట్లకు, పిలకలకు జ్యేష్ఠమున ఏరువాక పున్నమి సరియైన దినము. ఆ పంపకము మన సీమవారిమధ్య జరిగిన చాలును.

అవ్వ రెండేండ్లక్రిందట కుమారుని యింటికి పోయి వేసవి నెలలు అక్కడనే యుండవలసివచ్చినది. తిరిగి వచ్చునప్పటికి నీరు పోయువారు లేక, మునిగిన యూరినుండి తెచ్చిన తల్లిపొద మోడై యుండెను. కొన్నాళ్ళు చిగురుకొరకు చూచి, ఒకనాటి సాయంకాలము మా గుమ్మములోనికి వచ్చి నిలబడినది. "ఇచ్చినదాన్నే అడుక్కోవాల్సొచ్చె సూడు నాయనా," అని నవ్వినది. ఆ వానకాలమున నా పొద కొమ్మకు ఆమెయే రాయి యెత్తినది, నన్ను ముట్టనీయలేదు.

ఈ యేరువాకకు నాలుగంట్లు తొక్కి యుంచితిని. రెండింటికి ఆసాములు కుదిరిరి. ఒకరు డోర్నాలవారు, చిక్కుడు విత్తనములు తెచ్చెదమన్నారు. తక్కిన రెండింటి రాళ్ళను ఇంకను కదిలించి చూడలేదు.