నాలుగుసార్లు కడిగినా, అసలు కడగకపోయినా... మొలకలు ఉడకాల్సిందే



ఇంగ్లిష్ టీచర్‌కు మొలకలతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. నాకు వారంలో రెండు రోజులు లంచ్ డ్యూటీ ఉంటుంది. పిల్లల బాక్సుల్లో ఏముందో మీ తర్వాత బాగా తెలిసేది ఆ డ్యూటీలో ఉన్న టీచర్‌కే. అక్కడ చూసిన ఒక సంగతి గురించే ఈ నాలుగు మాటలు.

పోయిన మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం ఆరో తరగతి పాప ఒకామె బాక్సు మూత తీయగానే పుల్లటి వాసన వచ్చింది. లోపల పచ్చి పెసర మొలకలు. మూతకు లోపలి వైపు నీటి చుక్కలు. "ఇవి వద్దమ్మా, పాడైనట్టున్నాయి" అన్నాను. పాప చిన్నబుచ్చుకుంది. "లేదు మిస్, మా మమ్మీ నాలుగుసార్లు కడిగింది" అంది.

ఆ మమ్మీ మాట నిజమే అయ్యుంటుంది. పాపం, పొద్దున్నే లేచి, నల్లా వచ్చే ఆ కాసేపట్లోనే బిందెలు నింపుకుంటూ, మధ్యలో మొలకలు కూడా కడిగి ఉంటారు. మన బాల్కొండ, మెండోరా వైపు పిల్లలు ఏడింటికే బస్సెక్కుతారు. ఆరున్నరకు మూత పెట్టిన బాక్సు పన్నెండున్నరకు తెరుచుకుంటుంది. మార్చి ఎండలో, బ్యాగులో, ఆరు గంటలు. అంత కష్టపడి కడిగిన మొలకలు చివరికి డస్ట్‌బిన్ పాలయ్యాయి.

ఇందులో నా తప్పు కూడా ఉంది. "హెల్దీ స్నాక్" కింద డైరీలో "స్ప్రౌట్స్" అని ఒక్క మాట రాయించింది నేనే. ఎలా పంపాలో రాయించలేదు.

ఆ రోజు సాయంత్రం నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమెది బోధన్. మా తాతయ్య శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. క్రషింగ్ సీజన్‌లో తాతయ్య షిఫ్టుకు వెళ్లేటప్పుడు టిఫిన్‌లో తరచుగా ఉండేవి మొలకెత్తిన పెసర్ల గుడాలు. అమ్మమ్మ ఆ మొలకలను మధ్యలో ఒక్కసారి కూడా కడిగేది కాదు. నానబోసిన నీళ్లు పారబోసి, ఇంకోసారి కడిగి, బాగా వాడ్చి, తడి నూలుగుడ్డలో మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టేది. అంతే. "గింజకు తడి గావాలె బిడ్డా, నీళ్లు గాదు" అనేది.

ఆ మాటలో పెద్ద సైన్సే ఉంది. మొలకెత్తే గింజ ఊపిరి తీసుకుంటుంది. దానికి గాలి కావాలి. ఊపిరి తీసుకుంటూ వేడి కూడా పుట్టిస్తుంది. సీసాలో, ప్లాస్టిక్ డబ్బాలో కిక్కిరిసి పోసినప్పుడు ఆ వేడి బయటికి పోదు, అడుగున నీళ్లు నిలుస్తాయి, జిగురు వస్తుంది. అందుకే సీసా పద్ధతిలో రోజుకు మూడు నాలుగుసార్లు కడగమంటారు. గింజలను తడపడానికి, చల్లబరచడానికి, పాత నీటిని తీసేయడానికి ఆ కడగడం. మూటలో ఈ పనులు చాలావరకు గుడ్డే చేస్తుంది. గుడ్డ తడిని పట్టి ఉంచుతుంది, ఎక్కువైన నీరు చిల్లుల్లోంచి కారిపోతుంది, నేతలోంచి గాలి ఆడుతుంది. తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తండా పిల్లలు మా క్లాసులో ఉన్నారు. ఈ సంగతి చెప్పగానే వాళ్లు చెయ్యెత్తారు. బుట్ట మీద నీళ్లు చల్లుతారట, నిలవనివ్వరట.

కాబట్టి ఉద్యోగాలకు, పొలాలకు వెళ్లే అమ్మానాన్నలకు నా మొదటి మాట ఇది: నాలుగుసార్లు కడగలేకపోతున్నామని బాధపడకండి. కొంచెం గింజలు, బాగా వాడ్చడం, శుభ్రమైన గుడ్డ ఉంటే తక్కువ కడిగినా మొలకలు చక్కగా వస్తాయి.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. అమ్మమ్మ ఆ మూట విప్పాక ఏం చేసేదో మనం మర్చిపోయాం. మొలకలను ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పోపు పెట్టేది. "పచ్చియి ఎవలన్న తింటరా?" అనేది. కడగకపోయినా ఆమె మొలకలతో ఎవరికీ ఏమీ కాకపోవడానికి కారణం ఆ పొయ్యి. మనం మూటను తీసుకుని పొయ్యిని వదిలేశాం. "రా ఫుడ్" అంటే ఆరోగ్యమనే పేరు ఒకటి తగిలించాం.

కడగడం వల్ల జిగురు, వాసన పోతాయి. సూక్ష్మజీవులు పూర్తిగా పోవు. అవి గింజ పగుళ్లలోనే దాగి ఉండవచ్చు. మొలకకు కావలసిన వెచ్చదనం, తడి వాటికి కూడా సరిగ్గా సరిపోతాయి. అనుకూలంగా ఉంటే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. చెడు వాసన రాకపోయినా అవి ఉండవచ్చు.

ఇది భయపెట్టడానికి చెప్తున్నది కాదు, జరిగినదే. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో వేలమంది బడిపిల్లలు ఈ.కోలై సోకి జబ్బుపడ్డారు. బడి భోజనంలో పెట్టిన ముల్లంగి మొలకలే కారణమని అక్కడి అధికారులు అనుమానించారు. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల దాదాపు 3,800 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువారు పచ్చి మొలకలు తినవద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ చెప్తుంది. శుభ్రత విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండే దేశాల్లోనే ఇలా జరిగితే, ఆరు గంటలు మూసి ఉన్న లంచ్ బాక్సును మనం ఎలా నమ్ముతాం?

"ఉడికిస్తే విటమిన్లు పోతాయి కదా మేడమ్" అని పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అడిగారు. మంచి ప్రశ్న. విటమిన్ సి కొంత పోతుంది. చల్లారాక నిమ్మకాయ పిండితే ఆ లోటు తీరుతుంది. ప్రోటీన్ ఎక్కడికీ పోదు. అసలు మొలకెత్తితే ప్రోటీన్ పెరుగుతుందనే మాట కూడా పూర్తిగా సరికాదు. 100 గ్రాముల ఎండు పెసర్లలో దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అదే 100 గ్రాముల మొలకల్లో చాలా తక్కువ, ఎందుకంటే ఆ బరువులో ఎక్కువ భాగం నీరే. మొలకల వల్ల లాభం వేరే ఉంది: సులువుగా అరుగుతాయి, గింజలోని ఇనుము, జింకు ఒంటికి కొంచెం బాగా పడతాయి. వీటి కోసం పచ్చిగా తినక్కర్లేదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో హెచ్చరిక. ఆర్మూర్, బాల్కొండ చుట్టుపక్కల చాలా ఇళ్లలో మక్క, సోయా, ఎర్రజొన్న విత్తనాలు ఉంటాయి. మొలకల యాక్టివిటీకి ఒక బాబు గులాబీ రంగు పూసిన మక్క గింజలు తెచ్చాడు. అది విత్తనశుద్ధి మందు. తినకూడదు, పిల్లలు చేతులతో ముట్టకూడదు కూడా. కిరాణా కొట్లో తినడానికి అమ్మే పెసర్లు, శనగలే వాడండి. జొన్న మొలకలు మాత్రం వద్దు. లేత జొన్న మేసిన పశువుకు నాము తగులుతుందని మన రైతులకు తెలుసు. ఆ లేత మొలకలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. రాజ్మా, సోయా మొలకలు కూడా బాగా ఉడకకుండా తినకూడదు.

ఇంట్లో చేసే పద్ధతి ఇది. శుక్రవారం రాత్రి పెసర్లు ఏరి, రెండుసార్లు కడిగి, తాగే నీళ్లలో నానబోయండి. మనిషికి ఒక గుప్పెడు చాలు. శనివారం పొద్దున ఆ నీళ్లు పారబోసి, ఒకసారి కడిగి, పది నిమిషాలు వాడ్చండి. మరిగించిన నీళ్లలో ఉడికించి ఎండలో ఆరేసిన నూలుగుడ్డను తడిపి, పిండి, వదులుగా మూటకట్టండి. చిల్లుల గిన్నెలో, నీడలో పెట్టండి. సాయంత్రం గుడ్డ ఆరిపోతే శుభ్రమైన చేత్తో నీళ్లు చల్లండి. ఆదివారం పొద్దునకు మొలకలు సిద్ధం. ఎండాకాలంలో శనివారం సాయంత్రానికే వచ్చేస్తాయి. అప్పుడు రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఆ రెండు నెలలు ఈ కడగని పద్ధతి వద్దు, పొద్దున, సాయంత్రం కడగండి. జిగురు, పుల్లటి వాసన వస్తే మళ్లీ కడిగి వాడుకోవద్దు, పారేయండి. బాగున్నవాటిని లోపలిదాకా ఉడికించి, వేడివేడిగా అందరూ కలిసి తినండి.

మొలకలకు ఆదివారం పొద్దుటి పళ్లెమే మంచి చోటని నా అభిప్రాయం. బాక్సులోనే పెట్టాలంటే ఉడికించి, తడి ఆరేదాకా పోపులో వేయించి, చల్లారాక మూత పెట్టండి. షార్ట్ బ్రేక్‌కే తినేయమని చెప్పండి.

ఈ నెల నుంచి మా క్లాసు డైరీలో ఆ మాట మార్చాను. ఇప్పుడు "ఉడికించిన మొలకలు" అని ఉంటుంది. దయచేసి మీరూ గమనించండి. వీలైతే మూటకట్టే పని మీ పాపకో బాబుకో అప్పజెప్పండి. సోమవారం క్లాసులో దాని గురించి ఐదు వాక్యాలు ఇంగ్లిష్‌లో చెప్పిస్తాను. అమ్మమ్మ, నానమ్మ ఇంట్లో ఉంటే వాళ్లను కూడా అడగమనండి. వాళ్ల పద్ధతి నాకూ రాసి పంపండి.

– మీ ఆరో తరగతి క్లాస్ టీచర్, పోచంపాడ్