రాలిన రాయిని కడగొద్దు

2021 ఫిబ్రవరి 28 రాత్రి ఇంగ్లండ్‌లోని వించ్‌కూంబ్ అనే చిన్న పట్టణం మీద ఒక నిప్పుగోళం మెరిసింది. తెల్లారేసరికి ఒక ఇంటి వాకిట్లో నల్లటి పొడి, రాతి ముక్కలు పడి ఉన్నాయి. ఇంటివాళ్లు వాటిని కడగలేదు. తొడుగులు వేసుకుని సంచుల్లోకి ఎత్తి, శాస్త్రవేత్తలకు కబురు పెట్టారు. ఆకాశానికి కాపలా కాసే కెమెరాలు ఆ ఉల్క దారిని అప్పటికే పట్టేశాయి. అది గ్రహశకలాల పట్టీలో గురుగ్రహం వైపు అంచు నుంచి వచ్చిందని లెక్క తేలింది. అందులోని ఖనిజాల్లో చిక్కుకున్న నీరు, దాని హైడ్రోజన్ ఐసోటోపుల నిష్పత్తి ప్రకారం, భూమి మీది నీటిని పోలి ఉంది. సముద్రాలు ఎలా నిండాయన్న ప్రశ్నకు అరకిలో రాయి ఇచ్చిన సాక్ష్యం అది.

భూమి తన పుట్టుకనాటి రాళ్లను మిగుల్చుకోలేదు. అవన్నీ కరిగి రూపం మార్చుకున్నాయి. ఇక్కడ దొరికిన అతి పాత ఖనిజం, ఆస్ట్రేలియా జిర్కాన్, వయసు సుమారు 440 కోట్ల ఏళ్లు. 1969లో మెక్సికోలో పడిన అయెండే ఉల్కలోని తెల్లటి కణికలు ఇంకా పాతవి, 456 కోట్ల ఏళ్ల పైబడినవి. సౌరకుటుంబంలో మొదట గట్టిపడిన పదార్థం అలాంటిదే. అదే ఏడాది ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలోనైతే అమైనో ఆమ్లాలతో పాటు సూర్యుడి కంటే ముందే పుట్టిన రేణువులూ ఉన్నాయి.

ఈ సాక్ష్యం చేయి తగిలినా చెడుతుంది. చెమటలోనూ అమైనో ఆమ్లాలుంటాయి. నీళ్లు పోస్తే లవణాలు కరిగిపోతాయి. ఉల్కో కాదో చూద్దామని అయస్కాంతం ఆనిస్తే, రాయి కోట్ల ఏళ్లుగా మోసుకొచ్చిన అయస్కాంత ముద్ర చెరిగిపోతుంది.

2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురా పొలంలో పడినదీ వించ్‌కూంబ్ జాతి రాయే. తెలుగు నేలకూ ఉల్కలు పడటం కొత్త కాదు: 1852లో పడిన ఒక ఉల్క నెల్లూరు పేరుతోనే ప్రపంచ జాబితాకెక్కింది. మళ్లీ పడేది ఏ పొలంలోనో ఎవరికీ తెలియదు.

అందుకే ఏర్పాట్లు ముందే జరగాలి. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల మేడల మీద రాత్రంతా ఆకాశాన్ని చూసే కెమెరాలు పెట్టాలి. హైదరాబాద్‌లోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కార్యాలయం ఇందుకోసమే ఒక ఫోన్ నంబరు ప్రకటించాలి. తొడుగుతో ఎత్తడం, శుభ్రమైన సంచిలో ఉంచడం, పడిన చోటును ఫొటో తీయడం బడిపిల్లలకు నేర్పాలి. రాయి అప్పగించిన రైతుకు రసీదు, గౌరవ పారితోషికం అక్కడికక్కడే అందాలి. ఆ ఉల్క మీద వెలువడే పరిశోధనలో ఆయన ఊరి పేరూ ఉండాలి.