ఆసుపత్రి మంచం మీద నవ్వు – మందా? ముసుగా?

ప్రశ్న: మాది కార్వాన్. మా ఆయన వయస్సు 42. స్కూటరు మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషను చేసి రాడ్డు వేశారు. తరువాత లోపల చీము పట్టిందని మళ్ళీ ఆపరేషను చేశారు. ఇప్పుడు ఏడో వారం, ఇంకా దవాఖానలోనే ఉన్నాం. ఆయన మొదటినుంచీ సరదా మనిషి. పొద్దున డాక్టరుగారు వచ్చి "ఎలా ఉంది?" అంటే, "కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాను సార్, ఊరేగింపే ఆలస్యం" అని వార్డంతా నవ్విస్తారు. రాత్రి మాత్రం దిండు కొరుక్కుంటూ మూలుగుతారు. మా మరిది వచ్చి జోకులు చెబితే పడిపడి నవ్వుతారు. మొన్న అలా నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశారు. "రోగి మంచం దగ్గర ఇకిలింపులేంటి?" అని మా అత్తమ్మ కోప్పడుతోంది. నాకూ నవ్వు వస్తే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. నవ్వితే పుండుకు చెరుపా? నవ్వుతో రోగం తగ్గుతుందంటారు, నిజమేనా?
– ఒక సోదరి, కార్వాన్, హైదరాబాదు

జవాబు: ముందుగా మీ భయం తీరుస్తాను. తొడ మీద పుండుకు నవ్వు వల్ల చెరుపు లేదు. అలాగని నవ్వితే ఎముక తొందరగా అతుక్కోదు, చీము ఆరిపోదు. ఆ పని చేసేవి ఆపరేషను, యాంటీబయాటిక్ మందులు, మంచి తిండి. ఎముకలో చీము పట్టినప్పుడు అక్కడికి రక్తం సరిగా అందదు, కనుక మందూ సరిగా అందదు. అందుచేతనే వారాల తరబడి, చాలామందికి ఆరు వారాలు, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ కాలం మందు వాడవలసి వస్తుంది. ఇన్ని రోజులు పట్టిందంటే ఆశ వదులుకోవాలని అర్థం కాదు.

మరి నవ్వుతో రోగం పోయిందనే మాట ఎక్కడినుంచి వచ్చింది? అమెరికాలో నార్మన్ కజిన్స్ అనే పత్రికా సంపాదకుడు ఉండేవారు. 1964లో ఆయనకు కీళ్ళూ, వెన్నూ బిగుసుకుపోయి కదలలేని స్థితి వచ్చింది. ఆసుపత్రి వదిలి హోటలు గదిలో చేరి, హాస్య చిత్రాలు వేయించుకుని చూశారు. పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలపాటు నొప్పి లేకుండా నిద్ర పట్టిందని 1976లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో రాశారు. 1979లో అది పుస్తకమై లోకమంతా పాకింది. అయితే ఆయన వెంట ఒక డాక్టరు ఉన్నారు, సి విటమిను పెద్ద మోతాదులో తీసుకున్నారు, అసలు ఆ జబ్బు ఏమిటన్న దానిమీదే తరువాత అనుమానాలు వచ్చాయి. ఒక మనిషి అనుభవం వైద్యానికి రుజువు కాదు. అది చదివి ఎవరూ మందులు మానుకోకూడదు.

కాని నొప్పి విషయంలో ఆయన మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు. 2011లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కొందరికి హాస్య చిత్రాలు చూపించి, ముందూ తరువాతా చేతికి బాగా చల్లని పట్టీ చుట్టో, బీపీ పట్టీ బిగించో, ఎంత నొప్పి ఓర్చుకోగలరో కొలిచారు. గట్టిగా నవ్విన తరువాత ఓర్పు పెరిగింది. నవ్వేటప్పుడు ఊపిరి మళ్ళీ మళ్ళీ బయటికి నెట్టబడుతుంది, డయాఫ్రం, ఛాతీ కండరాలు శ్రమ పడతాయి. ఈ శ్రమవల్ల మెదడులో ఎండార్ఫిన్లు అనే నొప్పి తగ్గించే పదార్థాలు ఊరుతాయని వారి అభిప్రాయం. ఇవి ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలన్నది మాత్రం మరిచిపోవద్దు. నొప్పి మాత్రకు నవ్వు తోడు కావచ్చు. మాత్ర బదులు నవ్వు చాలదు.

నవ్వు చేసే మరో మేలు ఉంది. నెలల తరబడి మంచాన పడిన మనిషి చేతిలో ఏమీ ఉండదు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు సూది గుచ్చుకోవాలో, ఎటు తిరిగి పడుకోవాలో అన్నీ ఇతరులే నిర్ణయిస్తారు. ఒక జోకు వేసినప్పుడు మాత్రం, ఆ నిమిషం ఆయన పేషెంటు కాదు, మునుపటి మనిషే. మీ వారి సరదా ఆయన ధైర్యం. దాన్ని ఆపకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించింది నవ్వు కాదు. పగలు "పెళ్ళికొడుకులా ఉన్నాను" అంటున్న మనిషి రాత్రి దిండు కొరుక్కుంటున్నారు. ఈ సంగతి డాక్టరుగారికి తెలుసా? పేషెంటు నవ్విస్తూ ఉంటే డాక్టరు "బాగానే ఉన్నాడు" అనుకుని పక్క మంచానికి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. నొప్పికి తగిన మందు అందదు. లోపల మళ్ళీ చీము చేరుతున్నా ఆలస్యంగా తెలుస్తుంది. మన మగవాళ్ళలో చాలామందికి నొప్పి అని చెప్పడం నామోషీ. ఆ నామోషీకి జోకు మంచి ముసుగు.

దీనికొక చిన్న ఏర్పాటు చేసుకోండి. నొప్పి అసలు లేకపోతే సున్న, భరించలేకపోతే పది. ఉదయం, సాయంత్రం, పడుకునే ముందు, రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఆ అంకె ఎంతో అడిగి ఒక కాగితం మీద టైముతో సహా రాయండి. డాక్టరుగారు వచ్చినప్పుడు ఆయన ఎన్ని జోకులైనా వేయనివ్వండి. తరువాత మీరు ఆ కాగితం చూపించండి. జోకు ఎలాంటిదైనా ఫరవాలేదు, అంకె మాత్రం నిజం ఉండాలి.

నవ్వుతూ ఏడ్చారన్నారు. ఒక్కసారి అలా జరిగితే కంగారు పడనక్కరలేదు. బిగబట్టిన మనస్సు సడలినప్పుడు కన్నీరు రావడం సహజమే. "ఏడవకు" అనకుండా పక్కన కూర్చోండి. కాని రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి సహించకపోవడం, నొప్పి లేకపోయినా నిద్ర పట్టకపోవడం ఉంటే డాక్టరుతో చెప్పి మానసిక వైద్యుణ్ణి పిలిపించండి. "నేను పోతే మీకు హాయి" వంటి మాట నవ్వుతూ అన్నా సరే, దాన్ని జోకుగా తీసుకోకండి. రెండు వారాలు ఆగకుండా ఆరోజే చెప్పండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయ సర్వీసు ఉంది. 14416 నెంబరుకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మీ మరిదికి కొన్ని జాగ్రత్తలు చెప్పండి. జోకు పరిస్థితి మీద ఉండాలి – ఉప్పులేని ఉప్మా మీద, కిర్రుమనే మంచం మీద, తనమీద తాను. పేషెంటు కాలి మీద, బెడ్‌పాన్ మీద, ఆగిపోయిన సంపాదన మీద వద్దు. ఆయనే మొదలుపెడితే వేరే సంగతి. డ్రెస్సింగు చేసేటప్పుడు, నిద్ర ముంచుకొచ్చేటప్పుడు కూడా వద్దు. నోట్లో ముద్ద ఉండగా అసలే వద్దు, పొరబోతుంది. పక్క మంచం మీద ప్రాణాపాయంలో ఉన్నవారుంటే గొంతు తగ్గించాలి. కడుపు మీద ఆపరేషను అయినవారు నవ్వు వచ్చినా, దగ్గు వచ్చినా కుట్ల మీద దిండు గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవారికి పెద్దగా నవ్వితే ఆయాసం రావచ్చు, పంపు దగ్గర ఉంచుకోవాలి.

ఫోనులో హాస్యం సినిమాలు చూడవచ్చు. కాని చెవుల్లో తీగలు పెట్టుకుని ఒక్కరే చూస్తే నవ్వు అంతగా రాదు. మనిషి ఒంటరిగా కంటే నలుగురిలో ఎన్నో రెట్లు ఎక్కువ నవ్వుతాడు. అందుచేత "బారిస్టర్ పార్వతీశం", "బుడుగు" వంటి పుస్తకం రోజూ నాలుగు పేజీలు పైకి చదవండి, పక్క మంచం వాళ్ళూ వింటారు. కార్వాన్ వారికి తెలుగు హాస్యం ఒక చెవి, దక్కనీ హాస్యం ఒక చెవి! హాస్యం కోసమే "జిందా దిలానె హైదరాబాద్" అని 1962లో సంఘం పెట్టుకున్న ఊరు మనది. 1968లో "షుగూఫా" అనే ఉర్దూ హాస్య మాసపత్రిక మొదలైందీ ఇక్కడే. పక్క మంచం మీద దక్కనీ మాట్లాడే పెద్దాయన ఎవరైనా ఉంటే స్నేహం చేయించండి. ఆయన "నక్కో" అనే తీరుకే సగం నవ్వు వస్తుంది.

మీ అత్తమ్మగారిని తప్పు పట్టకండి. కన్నకొడుకు మంచాన ఉంటే ఆ తల్లికి నవ్వు రాదు. ఆయన చిన్నప్పుడు చేసిన అల్లరి చెప్పమని ఆమెనే అడగండి. కొడుకు నవ్వుతాడు, ఆమె మనస్సూ తేలికపడుతుంది. మీరూ తప్పు చేసినట్టు బాధపడకండి. ఏడు వారాలు సేవ చేసినవారికి నవ్వే హక్కు ఉంది. వారానికి రెండు రాత్రులైనా మీ మరిదిని అక్కడ ఉంచి, మీరు ఇంటికి వెళ్ళి కంటినిండా నిద్రపొండి.

చివరిగా, ఈ లక్షణాలు కనిపిస్తే ఆయన నవ్వుతూ "ఏమీ లేదులే" అన్నా వినకుండా వెంటనే నర్సుకు చెప్పండి: చలితో జ్వరం, పుండు నుంచి వాసన లేదా కొత్తగా చీము, నొప్పి అంకె హఠాత్తుగా పెరగడం, పాదం మొద్దుబారడం, పిక్క వాచి నొప్పి పెట్టడం. ఎక్కువకాలం కదలకుండా ఉన్నవారికి కాలి రక్తనాళంలో గడ్డ కట్టి అది ఊపిరితిత్తులకు చేరవచ్చు. కనుక హఠాత్తుగా ఆయాసం గాని, ఛాతీలో నొప్పి గాని వస్తే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు.

నొప్పి కాగితం ఈ రాత్రే మొదలుపెట్టండి.